ఏడో గుడ్డ

టీచరమ్మ కారును తాడు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చిన రోజే, మా బావ పని అయిపోయిందని వీధంతా తేల్చేసింది. ఇరవై రెండేళ్ల కారు. నాలుగు రోజుల కిందటే మేం సర్వీసు చేసి పంపాం. పాత ఆయిల్ తీశాం గానీ కొత్తది పోయలేదు. ఆయిల్ లేక ఇంజిను పట్టేసింది. పానా వేసి ఇద్దరం వేలాడినా కదల్లేదు.

"తప్పు నాదేనమ్మా. వయసు మీద పడింది, మరిచిపోయాను. ఇంజిను నేనే మార్చి ఇస్తాను" అన్నాడు బావ. ఆమె వెళ్లాక నాతో, "ఆ మార్చే ఇంజిను కూడా చెడిందా, ఇక పానా ముట్టను" అన్నాడు. అన్నాడంటే అంతే, మొండిఘటం!

అక్క నన్ను వంటగదిలోకి పిలిచింది. "పని మానేస్తే మీ బావ మంచం పడతాడురా. దగ్గరుండి చూసుకో" అంది. నాకు అన్నం సహించలేదు. ఎందుకో ఆమెకు చెప్పలేదు.

పాత సామాన్ల కొట్లన్నీ గాలిస్తే అలాంటి ఇంజిను ఒక్కటంటే ఒక్కటి దొరికింది. బావకో చాదస్తం ఉంది. ఇంజిను విప్పితే చాలు, పాత దుప్పటిని ఏడు ముక్కలు చేస్తాడు. లోపల నట్టు పడకుండా రంధ్రాల్లో ఆ గుడ్డలు కుక్కుతాం. బిగించేటప్పుడు తీసి, బల్ల మీద పరిచి లెక్కపెడతాడు. తోటి మెకానిక్కులు ఏడుగుడ్డల మేస్త్రి అని వెక్కిరిస్తారు.

మూడో రోజు మధ్యాహ్నానికి ఇంజిను కూర్చుంది. టీచరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను సీట్లో కూర్చుని తాళం పెట్టాను.

"ఆగు! ఆరే ఉన్నాయి" అన్నాడు బావ.

"ఎక్కడో పడుంటుంది బావా. ఆమె ముందు పరువు తీసుకోకు."

"దిగరా ముందు!"

చెత్తడబ్బా బోర్లించాం, జేబులు తిరగేశాం. లేదు.

"మళ్లీ ఏమైంది మేస్త్రీ?" అంది టీచరమ్మ. ఆ 'మళ్లీ' నాకు కలుక్కుమంది. బావ బోల్టు మీద పానా వేశాడు.

గాలి గొట్టం ఊడింది. మొదటి రంధ్రంలో వేలు పెట్టి చూశాడు, లేదు. రెండోది, మూడోది, లేదు. నాలుగో దాంట్లో పట్టకారు దూర్చి లాగితే దుప్పటి నీలం గీత బయటికొచ్చింది. తాళం తిప్పి ఉంటే ఈ ఇంజినూ పోయేది. ఆ గుడ్డ కుక్కింది నేను. పెట్టినవాడే తీయాలి, ఆయిల్ తీసినవాడే పోయాలి. అది మా షెడ్డు కట్టుబాటు.

బావ నా వైపు చూడలేదు. "వయసు మీద పడిందమ్మా, మరిచిపోయాను" అన్నాడు మళ్లీ.

ఛీ, నా బతుకెందుకు అనిపించింది!

"కాదమ్మా, గుడ్డ మరిచింది నేను. ఆ రోజు ఆయిల్ తీసిందీ నేనే. ఫోనొస్తే మాట్లాడుతూ పోయకుండానే మూసేశాను. ఆయన తన నెత్తిన వేసుకుంటే నోరు మూసుకున్నాను."

"నిన్నెవడడిగాడురా?" అని కసిరాడు బావ.

గొట్టం బిగించడం అయ్యాక టీచరమ్మ కారులోంచి తాళం తీసి బావ చేతిలో పెట్టింది. "మీరే స్టార్టు చేయండి మేస్త్రీ" అంది.

బావ నన్ను చూశాడు. "ఆయిల్ పోశావా?"

"పోశాను బావా."

"చూపించు."

చూపించాను. తాళం తిప్పాడు. ఇంజిను ఒక్కసారి దగ్గి అందుకుంది. బావ కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. తర్వాత నాతో అన్నాడు:

"మీ అక్కనడిగి ఇంకో పాత దుప్పటి పట్టుకురా. రేపు ఇంజిను విప్పాల్సిన వ్యాను ఒకటి వస్తుంది."