పేషెంటుకు మీరేమవుతారు?

మా మనవరాలు పదో తరగతి. పొద్దున్నే గడప మీద కూర్చుని ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతుంది. మాకున్నది ఒకటే గది, చెవులు మూసుకుని పొయ్యి ఊదలేను కాబట్టి అవన్నీ నాకూ వచ్చేస్తాయి. ఆ వారం దాని పాఠం రిలేషన్. దానికి బదులు వాడుకునే మాటలట: కనెక్షన్, లింక్, అసోసియేషన్, అటాచ్‌మెంట్.

"ఇవన్నీ నాకు తెలిసినవేనే," అన్నాను. "కనెక్షన్ గ్యాసుది. లింకు ఆధార్‌ది. అసోసియేషన్ మిర్చి యార్డులో కొట్లోళ్ళది, వాళ్ళు అలిగితే బేరాలు ఆగిపోతయ్. అటాచ్ అంటే బాత్‌రూము."

"అన్నిటికీ అర్థం ఒకటే నాయనమ్మా. దేని బదులు ఏది రాసినా మార్కు పడుద్ది."

చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని నమ్మాను. ఆ వారంలోనే నేను ఆమెను గుంటూరు కంటాస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

ఆమె అంటే మిరపకోతల్లో నా పక్క సాలు మనిషి. పాతికేళ్ళుగా నా ఎడమ పక్క సాలు ఆమెదే. ఆమె చర్చికి వెళుతుంది, నేను రాములవారి గుడికి వెళతాను, ఇద్దరం ఒకే ఆటోలో పొలానికి వెళతాం. పోయినేడు ఆమె కళ్ళకు శుక్లాలు కమ్మాయి. ఎర్రగా పండిన కాయేదో, సగం పచ్చిగా ఉన్న దోరకాయేదో తెలియక రెండూ తెంపి గోతంలో వేసేది. ముఠా మేస్త్రి రెండుసార్లు ఊరుకుని మూడోసారి తేల్చి చెప్పేశాడు: "కళ్ళు బాగుచేయించుకుంటేనే ఈ ఏడు కోతలకు రా. లేకపోతే ఇంట్లో కూర్చో." ముందు ఒక కంటికి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. అది తప్పితే మళ్ళీ రెండు నెలలకు గానీ దొరకదన్నారు. కోతలు చూస్తే నెలన్నరలో మొదలు. ఆమె కొడుకు లారీ మీద నాగపూర్ వెళ్ళాడు, కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇక నేనే.

ముందు ఆమెను ఒక కిటికీ దగ్గర కూర్చోబెట్టి వివరాలు రాసుకున్నారు. తర్వాత సంతకానికి నన్ను పిలిచారు. అక్కడున్న కుర్రాడు కంప్యూటర్‌లోంచి తలెత్తకుండా అడిగాడు.

"పేషెంటుకు మీరేమవుతారమ్మా?"

"వదినను."

అప్పుడు తలెత్తాడు. "ఆవిడ మా అక్క అని చెప్పిందే?"

తప్పు ఆమెది కాదు, మా ఊరి వరసలది. వాళ్ళాయన మా ఆయన్ని బావా అని పిలిచేవాడు, ఆ లెక్కన మేం వదినలం. మా తమ్ముడు ఆమెను అక్కా అనేవాడు, ఆ లెక్కన మేం అక్కచెల్లెళ్ళం. పెద్దదాన్ని నేను. వేళాకోళాలప్పుడు వదిన వరస, ఒంట్లో బాగా లేనప్పుడు అక్క వరస వాడుకుంటాం. కత్తి అంటే భయపడి ఆమె నన్ను అక్కను చేసింది. ఆమెను నవ్వించాలని నేను వదిననయ్యాను.

"రెండూ నిజమే బాబూ."

"రెండూ ఎట్టా కుదురుద్దమ్మా? మీ ఆయన చెల్లెలా ఆవిడ?"

"కాదు."

"మీ అన్న భార్యా?"

"నాకసలు అన్నే లేడు."

అతను మా ఇద్దరి ఆధార్ కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆమెది బైబిల్లో పేరు, నాది అమ్మవారి పేరు. "సొంతవాళ్ళే సంతకం పెట్టాలమ్మా. లేకపోతే ఇవాళ ఆపరేషన్ ఉండదు," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చాయి మనవరాలి మాటలు.

"పోనీ కనెక్షన్ అని రాసుకో."

"ఇది కరెంటాఫీసు కాదమ్మా."

"అసోసియేషన్?"

"ఏంటీ, ధర్నాకొచ్చారా?"

"లింకు అను, అటాచ్‌మెంట్ అను. ఏది రాసినా మార్కు పడుద్దంట!"

నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. బెంచీ మీద కంట్లో చుక్కల మందుతో కూర్చున్న ఆమె మాత్రం నవ్వలేదు. కళ్ళు మూసుకునే అరిచింది.

"ఏమే, ఇట్టాంటి చోట కూడా వదినేనా? నా చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించినప్పుడు అక్కవి కాదూ?"

"బస్సులో కిటికీ సీటు కోసం నన్ను నెట్టినప్పుడు నువ్వు చెల్లెలివా?"

"వాంతయిద్దని కూర్చున్నా!"

"నీకు వాంతి ఎప్పుడయింది? పొద్దున నాలుగిడ్లీలు తిన్నావు, షుగర్ బిళ్ళ వేసుకోవే అంటే జాకెట్లో దాచావు. తియ్యి, ఆ బిళ్ళ బయటికి తియ్యి!"

ఈ గోలకు లోపలి నుంచి నర్సమ్మ వచ్చింది. నడివయసు మనిషి. "షుగరుందా? ఇక్కడ రాయించలేదే?" అంది.

"భయపడి చెప్పుండదమ్మా. పదేళ్ళ నుంచీ ఉంది. కుడి చెవి సరిగా వినపడదు, మీరు ఎడం పక్క నిలబడి చెప్పండి. పెన్సిలిన్ పడదు."

"ఇంటి దగ్గర రోజుకు నాలుగుసార్లు చుక్కలు ఎవరు వేస్తారు?"

"నేను కాక ఇంకెవరున్నారు?"

నర్సమ్మ ఆ కుర్రాడి వైపు తిరిగింది. "రిలేటివ్ అని కొట్టవయ్యా. ఏ వైపు నుంచో మనకెందుకు?"

అతను కొట్టాడు. నాకు వచ్చిన నాలుగక్షరాలూ పెట్టాను. పెట్టాక అడిగాను, "ఇంతకీ అది అక్కా, వదినా?"

"రెండూ అందులోనే ఉన్నాయమ్మా, జరగండి," అన్నాడు.

పాతికేళ్ళు మేం రెండు పిలుపులతో నెట్టుకొస్తే, ఇంగ్లీషోళ్ళు అత్తనూ తోడికోడల్నీ పినతండ్రినీ కలిపి ఒకే గోతంలో కుక్కేశారు. వాళ్ళ పెళ్ళిళ్ళలో ఎవరు ఎవరిని ఎగతాళి చెయ్యాలో ఎట్లా తెలుస్తుందో మరి.

షుగర్ పరీక్ష చేసి చూసుకున్నాక మధ్యాహ్నం ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పారు. ఆమె ముందు గోడ చూసింది, ఫ్యాను చూసింది, డాక్టరమ్మ వేళ్ళు లెక్కపెట్టి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో, దండం పెడుతుందేమో అని నేను కూడా కొంగు సిద్ధం చేసుకున్నాను.

"ఆ జాకెట్టు నాది కదూ?" అంది.

సిద్ధం చేసుకున్న కొంగును జాకెట్టు మీదికి లాక్కున్నాను.

"పోయినేడు దండెం మీద నుంచి పోయిందన్నానే, ఆకుపచ్చది! నువ్వు కూడా నాతోపాటు కంచెలన్నీ వెతికావు కదే, దొంగదానా!"

"చూపు బాగా వచ్చింది," అని డాక్టరమ్మ రాసుకుంది.

బస్సు ఊరు చేరేదాకా అదే గొడవ. చుక్కలు మాత్రం నెల రోజులూ నాలుగు పూటలా నేనే వేశాను, వేసిన ప్రతిసారీ కన్ను ఎత్తి పెట్టి జాకెట్టు అడిగింది. కోతలకు మేస్త్రి మొదటి రోజే ఆమెకు కబురు పంపాడు. జాకెట్టు ఇంకా ఇవ్వలేదు.