సెనగలు పరిచిన రోడ్డు, కోకిల లేని కవిత

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఈ సంగతి మీకింకా తెలియలేదంటే మా నాయన మీ ఊరి బస్సు ఎక్కలేదన్నమాట. ఎక్కి ఉంటే కండక్టరు టికెట్టు ఇచ్చేలోపే చెప్పి ఉండేవాడు. ఇంకో సంగతి కూడా ఉంది. మొన్న ఉగాదికి విడపనకల్లులో జరిగిన కవి సమ్మేళనంలో నా కవిత చదివాను. అందులో కోకిల లేదు. ఒక్క పిట్ట లేనందుకు ఎంత రభస జరిగిందో చెబుతాను.

ముందు బండి సంగతి. బెంగళూరులో క్యాబ్ తోలే మా అన్న, "పాసైనావు గదా పాపా, ఏం కావల్లో అడుగు" అన్నాడు ఫోనులో. ఇంట్లో అందరూ నా తరఫున "కుట్టుమిషను" అని జవాబు చెప్పేశారు. నేను లాంగ్‌బోర్డు అన్నాను. పొడుగాటి చెక్కపలక, కింద నాలుగు మెత్తటి చక్రాలు. పైన నిలబడి ఒక కాలితో నేలను తోస్తే సాగిపోతుంది. అన్న కొత్తది కొని తెచ్చాడు. నాయనను కన్న మా అవ్వ దాన్ని బోర్లించి, చక్రాలు తిప్పి చూసింది.

"దీనికి యెద్దును యాడ కట్టాల?"

"యెద్దు అక్కర్లేదవ్వా. నేనే తోసుకుంటా పోవాల."

"అంటే అంత సదివి నువ్వే యెద్దువైనావు. దీనికి కాలేజీ దాంకా పోవాల్నా?"

ఇక కవి సమ్మేళనం. దాన్ని ఏటా నడిపేది రిటైరైన తెలుగు పండితుడొకాయన. ఏటా అదే మండపం, అవే శాలువాలు, అదే కోకిల. ఈసారి అంశం వసంతాగమనం. నేను రాసుకుపోయిన కవితను ఆయన కళ్ళజోడు ఎత్తిపట్టి చూశాడు, బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు.

"మామిడి చిగురు లేదు. కోకిల లేదు. మలయమారుతం లేదు. ఇది వసంతమెట్లయితుంది తల్లీ? అవి పెట్టుకోని రా. లేకుంటే ఈ తూరికి వద్దులే."

వద్దంటే నాకు పెద్ద నష్టం లేదనుకోవచ్చు. కానీ నాయన అప్పటికే సగం ఊరికి చెప్పేశాడు. కాలేజీలో ఏం చదివానో ఆయనకు ఒక్కరోజూ అంతుబట్టలేదు. నేను ఓ స్టేజీ మీద నిలబడి నాలుగు మాటలు చదివితే, ఆ చదువేమిటో చెవులారా వినవచ్చని ఆయన ఆశ. ఆ ఆశ పోగొట్టడం నాకిష్టం లేదు. లేని కోకిలను పెట్టడమూ ఇష్టం లేదు.

సరే, న్యాయంగా పోదాం, ముందు వెతుకుదాం అనుకున్నాను. గాలిమరలున్న మిట్ట మీది నుంచి మా ఊళ్ళోకి నున్నటి తారు రోడ్డు దిగుతుంది. అది మా మొహాలు చూసి వేసింది కాదు, గాలిమరల రెక్కలు మోసే లారీల కోసం వేసింది. రోజూ పొద్దు పొడవకముందే బోర్డు చంకన పెట్టుకుని మిట్ట ఎక్కేదాన్ని. కాలేజీలో బహుమతిగా వచ్చిన ప్రకృతి కవితల సంకలనం సంచిలో ఉండేది. మోరీ గట్టు మీద కూర్చుని ఒక్కో కవిత పైకి చదవడం, తలెత్తి చుట్టూ చూడడం, ఇదీ పని.

చల్లని మలయమారుతం అని పుస్తకంలో ఉంది. మా గాలి దుమ్ము లేపి, ఆరేసిన చీరను పక్క ఊరికి సాగనంపుతోంది. మామిడి తోపులట. మా ఊళ్ళో మామిడి బంకు కొట్టులోని కూల్‌డ్రింకు సీసాల్లో కాస్తుంది. పూలతేనె తాగి మత్తెక్కిన తుమ్మెదలట. మా తేనెటీగలు బోరు పైపు కారేచోట గుంపుగా చేరి ఉత్త నీళ్ళు తాగుతున్నాయి. కోకిల కోసం ఊపిరి బిగబట్టి విన్నాను. కౌజు పిట్టల తగువు, గాలిమర రెక్క తిరిగే హుష్షు, అంతే. ఎక్కడో ఉంటే ఉండనీ, నా చెవిన పడలేదు. ఈ కవులంతా ఫ్యాను కింద కూర్చుని, ఒకరి వసంతాన్ని ఇంకొకరు చూసి రాసుకున్నారని నాకు రూఢి అయిపోయింది.

అయినా నేను రోజూ వెళ్ళాను. వెతకడానికని చెప్పుకున్నాను గానీ, నిజానికి దిగడానికి. మిట్ట మీద నిలబడి ఒక్క తోపు తోస్తే చాలు, రోడ్డే నన్ను తీసుకుపోయేది. వేపల రాగిరంగు చిగుళ్ళు రెండు పక్కలా వెనక్కి పరిగెత్తేవి. కానుగ చెట్టు కింద రాలిన పూల మీదికి వచ్చేసరికి చక్రాల చప్పుడు ఉన్నట్టుండి మెత్తబడేది. చున్నీ నడుముకు బిగించి చేతులు చాచేదాన్ని. నా సంకలనంలో ఇన్ని పేజీలున్నాయి, దిగుడులో కడుపు కిందికి జారే ఆ సంతోషం గురించి ఒక్క పాదం లేదు.

ఓ రోజు అలా దిగుతుంటే వంపు దగ్గర రోడ్డు నిండా మా పప్పుసెనగ పరిచి ఉంది. మా దగ్గర అంతే. కోసిన చెట్లను తారు రోడ్డు మీద పరుస్తారు, బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. అవ్వ గొడుగు వేసుకుని, మేకలను తోలే కట్టె పట్టుకుని పక్కనే కూర్చుంది. నేను పక్కకు తిప్పబోయాను.

"పక్కకు పోవద్దు పాపా, దాని మీదనే రా. ఊరికే పోయే బండి, రోంత పనన్నా చేయనీ."

విన్నాను. అంత చదివిన దాన్ని, విన్నాను. ముందు చక్రాలకు కంపలు చుట్టుకుని బోర్డు అక్కడే ఆగింది, నేను ఆగలేదు. మోచెయ్యి గీరుకుపోయింది. అవ్వ లేచి వచ్చి, ముందు బోర్డు ఎత్తి కిందకు చూసింది.

"ఒక్క కాయన్నా పగల్లేదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నీకేమన్నా ఆయెనా?"

"లేదవ్వా."

"అయితే లెయ్. బస్సు వస్తాండాది."

బస్సు వచ్చింది. డ్రైవరు కిటికీలోంచి మమ్మల్ని తిడుతూనే బండిని సెనగల మీదనే నిదానంగా పోనిచ్చాడు. టైర్ల కింద కాయలు పగిలిన చప్పుడు, రేకుల మీద వాన మొదలైనట్టు. మా నేల మీద ఆ చప్పుడు ఎన్నాళ్ళకోగానీ వినపడదు. బస్సు పోయాక అవ్వ చేటతో గింజలెత్తి గాలికి పోసింది. చీరలు లేపుకుపోయే ఆ దుడుకు గాలే పొట్టును ఎగరేసి గింజను కాళ్ళ దగ్గర పడేసింది.

"ఈ గాలి ఉగాది దాంకా ఉంటే సాలు" అంది.

మోచేతికి పసుపు పెట్టుకుని ఆ సాయంత్రమే కవిత కొత్తగా రాశాను. మర్నాడు పండితుడి ఇంటికి పట్టుకుపోయాను.

"మళ్ళా కోకిల లేదే."

"ఎతికినా సార్. యాడా లేదు."

"ఎతికేదేంది తల్లీ? కోకిల ఎతికితే దొరికేది కాదు, రాస్తే వచ్చేది. నేనెన్ని ఉగాదులకు రాసినా, ఒక్కతూరి గూడా సూడల్యా."

సరిగ్గా అప్పుడే బల్ల మీద ఆయన ఫోను మోగింది. కుహూ, కుహూ.

"సార్, మీ కోకిల" అన్నాను.

ఆయన ఫోను నొక్కి కోకిల నోరు మూయించాడు. "ఆఖర్న సదువు. టైముంటే" అన్నాడు.

ఉగాది రోజు మండపంలో ఎగిరినన్ని కోకిలలను మా జిల్లా ఎప్పుడూ చూసి ఉండదు. ఒకాయన శాలువాతో చెమట తుడుచుకుంటూ చల్లని మలయమారుతం చదువుతుండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఆయన మిగిలిన మలయమారుతాన్ని మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు. వెనక వంటల దగ్గర నుంచి ఓళిగల వాసన. పండితుడు లేచి, "టైమైపాయ, ఇంక భోజనాలకు లేద్దాం" అన్నాడు.

చివరి వరసలో మా నాయన నిలబడ్డాడు. ఆయన పక్కన మా ఊరివాళ్ళు.

"సామీ, మా పాప ఇంగా సదవలేదు. మేము బువ్వకు రాలేదు."

పండితుడు కవుల వైపు చూశాడు, మా ఊరివాళ్ళ వైపు చూశాడు, కూర్చున్నాడు.

మైకు లేదు. రోడ్డుకు అవతలున్న అవ్వను పిలిచే గొంతుతోనే చదివాను. బస్సు డ్రైవరు తిట్లు వచ్చేచోట వెనక వరసల్లో నవ్వారు. కాయలు పగిలేచోట నవ్వు ఆగిపోయింది. ముందు వరస కవులు మాత్రం ఓళిగల వైపే చూస్తున్నారు. పండితుడు శాలువా కప్పుతూ నా చెవిలో, "బాగుంది తల్లీ. ఒక్క కోకిల పడింటే ఇంగా బాగుండు" అన్నాడు.

తిరుగు బస్సులో నాయన టికెట్టు కంటే ముందు సంగతి చెప్పాడు. "మా పాప స్టేజీ మీద సదివిందన్నా. దాంట్లో మా సెనగలు ఉండాయి."

"ఆ కంపలు టైర్లకు చుట్టుకుంటే తీసేది మేము. అది గూడ రాసిందా?" అన్నాడు కండక్టరు.

"రాసింది" అన్నాడు నాయన, గర్వంగా.

మర్నాడు పొద్దున మిట్ట మీంచి దిగుతున్నాను. వంపు దగ్గర చివరి కుప్ప పరిచి ఉంది. పొట్టు పడకుండా అవ్వ నా శాలువా తలకు చుట్టుకుంది. నన్ను చూడగానే కట్టె ఎత్తి ఊపింది.

"పక్కన పో, పక్కన. అది పనికొచ్చే బండి కాదు. ఉత్త సంబరానికి పెట్టుకో."

పక్కనే వెళ్ళాను, చేతులు చాచుకుని.