రోలా నుంచి చూసిన మబ్బు

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. తెలియకపోవడమన్నది ఆ తర్వాత మెల్లగా నేర్చుకున్నాను. ఆ రోజుల్లో, అంటే కరోనా కాస్త సద్దుమణిగిన ఏడాది, షార్జాలోని రోలాలో ఆరుగురం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. నాకు మొబైల్ రిపేరు షాపులో పని, పని అయ్యాక ఆకాశం పిచ్చి. వేలెడంత రేడియో ముక్కను లాప్‌టాప్‌కు తగిలించి, బట్టలారేసే స్టాండు నుంచి ఊడదీసిన రెండు కడ్డీలను యాంటెనాగా బాల్కనీలో కట్టి, పైనుంచి పోయే వాతావరణ ఉపగ్రహం పంపే బొమ్మలు పట్టాలని నా పంతం. (స్టాండు గాలికి విరిగిందని అందరికీ చెప్పాను.) బొమ్మలు మాత్రం వచ్చేవి కావు, వచ్చేదంతా రొదే. రూములో నన్ను 'సైంటిస్టు' అనేవారు, ఆ పిలుపులో గౌరవమేమీ లేదు.

ఒక్క మామ మాత్రం నమ్మాడు. చుట్టమేమీ కాదు, జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన మేస్త్రీ, మా అందరికీ పెద్ద. ఊళ్లో ఆయన భార్య, మాకు అత్తమ్మ, వేసిన పత్తి విత్తనం వానల్లేక భూమిలోనే మాడిపోయింది. మళ్లీ విత్తాలా, ఆగాలా అని ఆమె రోజూ ఫోన్లో అడిగేది, ఈయన రోజూ నీళ్లు నమిలేవాడు. ఈసారీ మాడితే ఆ ఏడు పంట లేనట్టే. "ఫోన్లో చూసుకో మామా, రెండు నిమిషాల పని" అన్నాను. "గా ఫోను మూడుసార్లు వానన్నది, సుక్క రాలలే. నువ్వు మీదికెల్లి తీసే ఫోటో అబద్ధమాడదు. మా దిక్కు మబ్బున్నదా లేదా, గదొక్కటి సూపెట్టురా" అన్నాడు. నన్ను అంతగా నమ్మిన మనిషి అంతకుముందు లేడు. శుక్రవారం పొద్దున్న ఉపగ్రహం అరేబియా సముద్రం మీదుగా పోతుంది, పన్నెండు నిమిషాలు అందుతుంది, మన ఊళ్లూ అందులో పడతాయని మాటిచ్చేశాను.

రొదంతా ఇంట్లోని కరెంటు సామాన్లదేనని నా అనుమానం, గంట ముందే మొదలుపెట్టాను. జూన్ నెల, సెలవు రోజు, అందరూ నిద్రలో ఉన్నారు. ఏసీ ఆపాను, లేచారు. ఫ్రిజ్, ట్యూబ్‌లైట్లు ఆపాను, ఛార్జర్లన్నీ పీకాను. "ఏమప్పా, మమ్మల్ని ఉడకబెట్టి తింటావా ఏంది?" అని కడప భాయ్ దిండు విసిరాడు. (భాయ్ రెస్టారెంటులో వంటమనిషి, ఉడకబెట్టడం గురించి ఆయనకు తెలిసే అంటాడు.) అయినా రొద తగ్గలేదు. యాంటెనా తీసేసి, చిన్న తీగముక్క తగిలించి, లాప్‌టాప్ ఎత్తుకుని, రొద ఎక్కడిదో వెతుకుతూ ఇల్లంతా తిరిగాను. దేవుడి పటాల దగ్గరికి రాగానే తెరంతా రొదతో తెల్లబడింది. అక్కడున్నది మామ పెట్టిన కరెంటు దీపం. దాని నాసిరకం అడాప్టరే అంత గోలా చేస్తోంది. ఆర్పడమంటే మాటలు కాదు. కరోనాలో చావు తప్పి బయటపడ్డాక, ఇంటి గడప తొక్కేదాకా ఆ వెలుగు ఆరనివ్వనని మామ మొక్కుకున్నాడు.

"మబ్బు సూడాల్నంటే దీపం ఆర్పాల్నా? గిదేం లెక్కరా!" అంటూ మామ మంచం మీద కూలబడ్డాడు. ఇక నాలుగు నిమిషాలే ఉన్నాయి. అప్పుడు భాయ్ లేచి, వంటింట్లోంచి బ్యాటరీ టార్చి తెచ్చి, పటాల ముందు నిలబడి వెలిగించాడు. "వెలుగుండాల, అంతే కదా పెద్దాయనా? నేను పట్టుకుంటా. నీ దీపం మళ్లా వెలిగేదాకా కదిలితే అడుగు. యల్లా, ఇంక కానీ, పీకప్పా ప్లగ్గు!" మామ దండం పెట్టుకుని తనే ప్లగ్గు పీకాడు.

బాల్కనీలోని యాంటెనా మళ్లీ తగిలించాను. రొద దిగిపోయింది. టిక్కు టిక్కుమంటూ ఉపగ్రహం పలికింది. గీత కింద గీతగా బొమ్మ దిగుతుంటే, చెమటలు కారిపోతున్నా ఎవరూ ఏసీ మాటెత్తలేదు. భాయ్ చెయ్యి మార్చి చెయ్యి మారుస్తూ అలాగే నిలబడ్డాడు. గుజరాత్ తీరం వచ్చింది, దక్కన్ వచ్చింది, మన తెలంగాణ ఉండాల్సిన చోట, బొమ్మ అంచున, ఒక తెల్లటి మరక వచ్చింది. మామ దాని మీద పెట్టిన వేలు తీయలేదు. "మబ్బేనారా?" మబ్బు కావచ్చు, మిగిలిన రొద కావచ్చు, నాకు తెలియదు. ఆ మొహం చూసి "మబ్బే మామా" అనేశాను. వెంటనే ఫోన్ కలిపాడు. "నా కండ్లతోని సూసిన, మబ్బున్నది! ఎయ్యి ఇత్తనం!" "నువ్వు జెప్పినంక ఇంకేంది, ఏస్తా" అంది అత్తమ్మ.

నా సంతోషం సాయంత్రం దాకే. ఆ తర్వాత అన్నం సయించలేదు. నా బడాయికి ఒకరి పంటను బలిపెట్టానే అని భయంతో చచ్చాను. అయిదో రోజు వాన పడిందని ఫోనొస్తే, బాత్రూంలో దూరి కుళాయి తిప్పి మరీ ఏడ్చాను.

ఆ చలికాలం సెలవుకు వెళ్లి, మామ పంపిన సంచీ ఇవ్వడానికి వాళ్లింటికి పోయాను. చేను పచ్చగా, పత్తి తెల్లగా ఉంది. మనసాగక అత్తమ్మకు నిజం చెప్పేశాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. "గప్పటికే ఏసి రెండు దినాలాయె బిడ్డా! మా నెత్తిమీది మబ్బు మాకు కనబడదా? కానీ ఆయనను అడగకుంటెట్ల? గంత దూరాన ఒక్కడే ఉండె. ఆయనకు చెప్పకు."

ఆ రోజు మామను కాపాడింది నేనేనని అనుకున్న ఆ సైంటిస్టును తలచుకుంటే ఇప్పుడు జాలీ వేస్తుంది, ముద్దూ వస్తుంది. మామ ఈనాటికీ రూములో కొత్తగా దిగినవాళ్లకు, రోలాలో నిలబడి ఊళ్లో పత్తి వేయించిన సంగతి చెబుతాడు. "కావల్నంటే వీణ్ని అడుగుండ్రి" అంటాడు. నేను ఔనంటాను.