పెట్టేయ్, నేనే చేస్తా

కళ్లజోడు పెట్టుకుంటే తప్ప మామ్మకు చెవులు పనిచేయవు. ఫోన్ చేసింది కన్నకూతురైనా సరే, "పెట్టేయ్, నేనే చేస్తా" అని కట్ చేసి, జోడు తగిలించుకుని, తీరిగ్గా తనే చేస్తుంది. ఇంట్లో అందరికీ అదో నవ్వులాట. ఒకరోజు ఎవడో ఫోన్ చేసి, "మేడమ్, మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. నేను చెప్పిన బటన్ నొక్కకపోతే ఫొటోలన్నీ పోతాయి" అన్నాడు. పోయిన తాతయ్య ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. మామ్మ వేలు కంప్యూటర్ బటన్ దాకా వెళ్లింది కానీ, కంటికి జోడు లేదు.

"పెట్టేయ్ నాయనా, నేనే చేస్తా."

"పెట్టేయొద్దు మేడమ్, పెట్టేస్తే అన్నీ పోతాయి" అని వాడు అరుస్తుండగానే కట్ చేసింది. జోడు తగిలించుకుని, కూతురికి చేసింది. సంగతి విని, "ఏమీ ముట్టుకోకమ్మా, వాడు దొంగ" అంది కూతురు.

ఇప్పుడు ముక్కూముఖం తెలియనివాడు ఫోన్ చేస్తే, ఆ ఇంట్లో కళ్లజోడు లేనివాళ్లూ అదే మాట అంటున్నారు.