పట్టేసిన రొయ్యలకు మేత

ఆ రోజుల్లో పొట్టి కోడ్ రాసేవాళ్ళే తెలివైనవాళ్ళని నాకు గట్టి నమ్మకం. ఇంజనీరింగ్ అయ్యాక భీమవరం దగ్గర మా మావయ్య ఊళ్ళో ఉంటూ, ఆయన రొయ్యల చెరువులకు రోజూ ఎంత మేత వేయాలో కంప్యూటర్లో లెక్కగట్టేదాన్ని. అప్పుడే నాకొక భాష దొరికింది. అందులో చెరువులన్నిటి లెక్కల్నీ ఒకే పేరు కింద పట్టుకుని, కాగితం మీద సూత్రం రాసినట్టే కోడ్ రాయొచ్చు. నలభై లైన్ల ప్రోగ్రాం ఒక్క లైనైపోయింది. చెరువులో వదిలిన రొయ్యపిల్లల్లోంచి చచ్చినవి తీసేయ్, పట్టి అమ్మినవి తీసేయ్, మిగిలినవాటికి బరువును బట్టి మేత. ఒక్క బ్రాకెట్ లేదు! (మురిసిపోయి దాన్ని ఫోన్లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. నవ్వకండి.)

నెల రోజులు నా లెక్క మావయ్య చేతిలెక్కతో సరిగ్గా సరిపోయింది. ఆయన నమ్మి, పెద్ద చెరువులో సగం రొయ్యలు పట్టించి అమ్మేసి, మేత సంగతి నాకే వదిలి పెద్దాపురం జాతరకు వెళ్ళారు. తిరిగొచ్చిన పొద్దున్నే గట్టు మీంచి కేక.

"అమ్మాయ్! ఇలా రా."

మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలోంచి లాగిన చెక్ ట్రే నిండా తినని మేత. చెరువంతా కంపు. గాలందక రొయ్యలు పైకి తేలుతున్నాయి.

"సగం సరుకు పోయాక మేత తగ్గాలా, పెరగాలా?"

"తగ్గాలి మావయ్యా."

"మరి నీ కంప్యూటరు పెంచిందేంటే?"

గట్టు మీదే లాప్‌టాప్ తెరిచాను. ఆ భాష లెక్కను కుడి నుంచి ఎడమకు చేస్తుంది. తెలిసీ మరిచాను. ముందు చచ్చినవాటిలోంచి అమ్మినవాటిని తీసి, ఆ వచ్చినదాన్ని మొత్తంలోంచి తీసింది. అంటే అమ్మినవన్నీ తగ్గడానికి బదులు మొత్తానికి కలిసిపోయాయి! ఏమీ అమ్మనన్నాళ్ళూ అక్కడ సున్నాయే కాబట్టి తప్పు బయటపడలేదు.

"అమ్మేసిన రొయ్యలకు కూడా మేత వేయించానండి," అన్నాను.

వెనకాల నించున్న అత్త అందుకుంది. "లారీ ఎక్కి వెళ్ళిపోయినవాటికి ఇక్కడ భోజనాలేంటే తల్లీ!"

మేత ఆపేశారు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లన్నీ తిప్పారు, నీళ్ళు మార్చారు. నేను అన్నం మానేసి గట్టు మీదే కూర్చున్నాను. రెండో రోజు సాయంత్రం రొయ్యలు అడుగుకు దిగాయి.

"బతికాయి. వెళ్ళి తినమ్మా," అన్నారు మావయ్య. అంతే. ఒక్క మాట తిట్టలేదు. (తిట్టినా బాగుండేది.)

ఇప్పటికీ ఆ భాషలోనే రాస్తాను, కాకపోతే ఒక్కో మెట్టుకూ ఒక్కో లైను. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు, "ఒక్క లైనులో అయ్యేదానికి మూడు లైన్లెందుకు మేడం?" అంటారు. చెబుదామనే నోరు తెరుస్తాను. తీరా వాళ్ళ కళ్ళల్లో అప్పటి నా మెరుపే చూశాక మనసొప్పదు. "టీ తాగొచ్చాక చెబుతాలే," అంటాను.