పొగమంచులో తీయని ఫొటో

నా చిన్నప్పుడు కొండ ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా ఊరు సుంగై సుమున్ చుట్టూ నేలంతా చాప పరిచినట్టు చదునుగా ఉండేది. కొబ్బరి తోటలు, వాటి మధ్య కాలవలు, అవి దాటితే సముద్రపు బురద. నేను చూసిన మొదటి కొండ గోడ మీద మేకుకు వేలాడేది. అది స్కాట్లాండ్ కొండల ఫొటో. ఎస్టేటు దొర తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ ఆఫీసులో వదిలేసిన పాత క్యాలెండరులోది. మా చినమావయ్య దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. నల్లటి రాళ్ళు, చెట్టన్నది లేని వాలు, లోయలోంచి పైకి లేస్తున్న మంచు, మబ్బు చీల్చుకుని పడుతున్న ఒకే ఒక్క వెలుగు చార.

చినమావయ్య మా అమ్మకు ఆఖరి తమ్ముడు. క్లాంగ్ పట్నంలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాడు. మా వైపు వాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించేవాడు. పెళ్ళికొడుకుల కాలర్లు సరిచేసి, పసిపిల్లల ముందు గిలక్కాయ ఊపి, అతనికి విసుగెత్తిపోయింది. మన దేశపు కొండలను ఆ క్యాలెండరులో లాగా ఒక్కసారైనా తీయాలని అతని కోరిక. చివరికి యజమాని మనసు కరిగి, స్టూడియోలోని పెద్ద కెమెరాను, తన కారును రెండు రోజులు వాడుకోమన్నాడు. అప్పుడు బడికి సెలవులు. నాకు తొమ్మిదేళ్ళు. నేనూ వస్తానని ఏడ్చి సాధించాను. "పిల్ల సెయ్యి ఒగ్గకురా తమ్ముడూ" అని అమ్మ ఒకటికి పదిసార్లు చెప్పి పంపింది.

తాపా ఊరు దాటాక కామెరాన్ కొండల దారి మెలికలు తిరుగుతుంది. ఆ మలుపుల్లో నేను రెండుసార్లు వాంతి చేసుకున్నాను. దారిలో ఒక జలపాతం దగ్గర కారు ఆపి, చినమావయ్య ముక్కాలి స్టాండు మీద కెమెరా బిగించాడు. చెట్ల నీడలో వెలుతురు చాలదనీ, తాను ఐదు లెక్కపెట్టేదాకా షట్టరు తెరిచే ఉంటుందనీ, ఈలోగా ఏది కదిలినా ఫొటో చెదిరిపోతుందనీ చెప్పాడు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఫొటో తీసింది నేనే అన్నంత గర్వం కలిగింది.

తేయాకు తోటలు దాటి, మట్టిబాట మీద ఇంకా పైకి వెళ్ళాం. అక్కడి అడవికి మనుషుల చేయి తగలలేదు. చెట్ల మొదళ్ళ నుంచి కొమ్మల దాకా తడి నాచు. ఒక వాలు మీద స్టాండు నిలబెట్టి, లోయలో మంచు విడిపోతుందని చినమావయ్య ఎదురుచూస్తున్నాడు. కెమెరా సర్దుకోవడానికి రెండు చేతులూ కావలసివచ్చి నా చేయి వదిలాడు. కాస్త దిగువన ఎర్రటి అడవిపువ్వు కనిపించింది. కోసుకుని వచ్చేద్దామని దిగాను.

పువ్వు అందేలోపే మంచు కమ్మేసింది. నా చేయి నాకే కనిపించలేదు. "ఓలమ్మీ! ఎక్కడున్నావే?" అని కేక వినిపించింది. "ఇక్కడే మావా" అన్నాను. ఆ గొంతు ఏ వైపు నుంచి వస్తోందో తెలియలేదు, అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంది. ఏడుపు ముంచుకొచ్చింది. పరిగెత్తబోయాను.

అంతలో అతని గొంతు మారింది. స్టూడియోలో పసిపిల్లలతో మాట్లాడే గొంతు అది.

"అమ్మీ, కదలకు. నువ్వు ఫొటోలో ఉన్నావు. షట్టరు తెరిసేసినాను. మంచు కదా, సానా సేపు పడతాది లా."

"నవ్వనా మావా?"

"నవ్వు. అడుగు మాత్రం ఎయ్యకు. ఏలు కూడా కదపకు."

నేను నవ్వు మొహం పెట్టి నిలబడిపోయాను. మడమ మీద జలగ పాకుతోందని తెలిసినా వంగలేదు. అతను మాట్లాడుతూనే, నన్ను మాట్లాడిస్తూనే ఉన్నాడు. బొమ్మ బాగా వస్తోందనీ, గడ్డం కొంచెం పైకెత్తమనీ, ఇంకాస్త ఓపిక పట్టమనీ. ఆ మాటలు మెల్లగా దగ్గరవుతున్నాయి. గాలి మోసుకొస్తోందేమో అనుకున్నాను.

మంచు పలచబడేసరికి ముందు నా చెప్పులు కనిపించాయి. తర్వాత వాటి ముందు ఫెర్న్ ఆకుల కొసలు. కొసలే. వాటి మొదళ్ళు ఎక్కడో కింద ఉన్నాయి. నా ముందు ఒక్క అడుగులో నేల అయిపోయింది. దిగువన పెద్ద చెట్ల తలలు. ఆ క్షణంలోనే వెనక నుంచి ఒక చేయి నా గౌను పట్టి లాగింది.

చినమావయ్య నన్ను ఒడిలోకి లాక్కుని కూలబడ్డాడు. మోచేతుల దాకా బురద, మోకాళ్ళ దగ్గర ప్యాంటు చిరిగిపోయింది. నేల తడుముకుంటూ, నా జవాబులు వింటూ పాకి వచ్చాడు. పైన వాలు మీద కెమెరా కనిపించింది.

"మావా, మూత తియ్యలేదు నువ్వు!" అన్నాను.

అతను నవ్వాడో ఏడ్చాడో చెప్పలేను. సరిగ్గా అప్పుడే లోయంతా తెరుచుకుంది. వరసగా నీలి కొండలు, వాటి మీద ఏటవాలుగా ఎండ. ఏ దృశ్యం కోసం అంత దూరం వచ్చాడో అది ఎదురుగా ఉంది. అతను అటు చూడనైనా లేదు. నా మడమకు అంటుకున్న జలగను పీకుతున్నాడు. మళ్ళీ మంచు మూసుకుంది.

నా వల్ల ఫొటో పోయిందా అని అడిగాను. "కొండ ఎక్కడికి పోతాది లా?" అన్నాడు.

తర్వాత రోడ్డు పక్క కొట్లో వేడి టీ తాగుతున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు. "అబద్ధం ఆడినాను అమ్మీ. రా అంటే పరిగెత్తుదువు. భయపడకు అంటే మరీ భయపడుదువు. అందుకే నీకో పని ఇచ్చినాను."

మర్నాడు ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో షట్టరు నొక్కి కొన్ని ఫొటోలు తీశాడు. బాగానే వచ్చాయి. ఇంటికి వెళ్ళాక జరిగింది అమ్మకు తానే చెప్పి, తిట్లన్నీ తల వంచుకుని తిన్నాడు.

నేను పెద్దయ్యాక ఆసుపత్రిలో నర్సునయ్యాను. రిటైరయ్యేదాకా భయంతో ఉన్న మనుషుల మధ్యే నా బతుకు గడిచింది. భయపడవద్దని వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. సూది చూసి వణికే పిల్లవాడికైనా, ఆపరేషనుకు వెళ్ళే ముసలాయనకైనా, ఒక దూది ఉండ చేతిలో పెట్టి, ఇది గట్టిగా పట్టుకోవాలి, నేను చెప్పేదాకా వదలకూడదు అనేదాన్ని. వాళ్ళు చాలా శ్రద్ధగా పట్టుకునేవారు. అంతా అయ్యాక, "ఇక వదిలేయనా?" అని అడిగేవారు.

"వదిలెయ్, అయిపోయింది" అని చెప్పేటప్పుడు ప్రతిసారీ నాకే ఊపిరి తేలికయ్యేది.