ఒలే అన్నదెవడు?

ఆ రోజుల్లో నాకు సంగీతం మొత్తం తెలుసు. పార్వతీపురం దగ్గర మా ఊరి చర్చిలో ఎనిమిదేళ్లు హార్మోనియం వాయించినదాన్ని, తెలియకపోవడానికేముంది? (అందులో రెండు మెట్లు పలికేవి కావు. ఆ రెండు స్వరాలూ నోటితో పూరించేదాన్ని.) అందుకే మెల్‌బోర్న్‌లో యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్తూ అద్దెకు దిగిన ఇంట్లో, పక్క గదిలోని స్పెయిన్ ఆవిడ తాను గాయనినని చెప్పుకుంటే నాకు నవ్వాగలేదు. చెవులకు కమ్మల బదులు పిన్నీసులు గుచ్చుకున్న మనిషి! మనసులోనే ఆవిడకు పిన్నీసని పేరు పెట్టేశాను.

పదిహేడో ఏట వాళ్ల దేశంలో ఏదో పంక్ బృందంలో చేరిందట. పంక్ అంటే ఏమిటంటే క్యాసెట్ పెట్టి వినిపించింది. మా వీధి కుళాయి దగ్గర బిందెల తగాదాకి ఎవరో పక్కన డప్పు కొట్టినట్టుంది. తర్వాత ఒక రికార్డు కంపెనీవాళ్లు ఆవిడ జుట్టు దువ్వి, గులాబీ రంగు గౌను తొడిగి, ప్రేమ పాటలు పాడించారు. మొదటి పాట దేశమంతా మోగింది. రెండోది సొంత ఇంట్లోవాళ్లే వినలేదు. కంపెనీ వదిలేశాక అక్క దగ్గరికని ఆస్ట్రేలియా వచ్చి, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. "అరిస్తే పంక్, అరవకపోతే పాప్. ఇదీ ఒక విద్యేనా!" అని స్నేహితురాలికి ఉత్తరం రాసి తృప్తి పడ్డాను.

ఒకరోజు పిన్నీసు నా తలుపు తట్టింది. వచ్చే ఆదివారం నగర శివార్లలోని వెర్రిబీలో స్పానిష్ క్లబ్బువాళ్ల బార్బీ, అంటే ఆరుబయట మాంసం కాల్చుకు తినే విందు, ఉందట. స్పెయిన్ నుంచి వచ్చిన కంపెనీ మనిషి ఒకడు ఆవిడ పాట వినడానికి వస్తున్నాడట. నచ్చితే మళ్లీ రికార్డు, మళ్లీ సొంత ఊరు. తీరా కీబోర్డు వాయించేవాడు వేలు విరగ్గొట్టుకున్నాడు. "యూ ప్లే ఫర్ జీసస్. ప్లే ఫర్ మీ. ప్లీజ్. లాస్ట్ ఛాన్స్," అంది. ప్రభువు తర్వాత స్థానం తనదే అనుకుంది, చూశారా! జాలిపడి కాదు, అసలు వాయించడమంటే ఏమిటో ఆ దేశంవాళ్లకి చూపిద్దామని ఒప్పుకున్నాను.

వెర్రిబీలో ఇప్పుడు ఎటు చూసినా మనవాళ్లే గానీ, అప్పుడు ఎటు చూసినా క్యాబేజీ తోటలు. (పేరులోనే వెర్రి ఉంది, ముందే గ్రహించాల్సింది.) మిట్టమధ్యాహ్నం, మాంసం కాలుతున్న పొగ, ముందు వరుసలో ఒళ్లో ప్లేటు పెట్టుకుని కంపెనీ మనిషి. పిన్నీసు తన పిన్నీసులు తీసేసి, అదే గులాబీ గౌను వేసుకుని, తేనె పూసిన గొంతుతో ప్రేమ పాట ఎత్తుకుంది. పక్కన పట్టుచీరలో నేను. రెండో చరణానికి నా వేళ్లు మంచి ఊపందుకున్నాయి. అప్పుడు ఒక మీసాలాయన నావైపే చూస్తూ "ఒలే!" అన్నాడు.

మా వైపు ఆడపిల్లని ఒలే అనే హక్కు అమ్మకుంటుంది, అమ్మమ్మకుంటుంది. "ఒలే, కూడు తిన్నావేటి?" అనేది మా అమ్మమ్మ. పరాయి మగాడన్నాడంటే ఆ రోజు ఊళ్లో గొడవే. అయినా పంటిబిగువున ఓర్చుకున్నాను. ఇంకొకడన్నాడు. ఆ తర్వాత చిన్నపిల్లలు కూడా మొదలుపెట్టారు. ఇక నా వల్ల కాలేదు. లేచి వెళ్లి పిన్నీసు చేతిలోని మైకు లాక్కున్నాను.

"ఎవుడ్రా అది? ఎవుడ్రా నన్ను ఒలే అన్నది? మీ ఇళ్లల్ల ఆడోళ్లు నేరేటి? ఇంకోసారన్నారంటే నాలిక్కోసేత్తాను!"

ఆ వెంటనే జనమంతా లేచి నిలబడి "ఒలే!" అని అరిచారు. పిన్నీసు నన్ను ఎగాదిగా చూసింది. చెప్పులు విసిరేసి, మైకు తీసుకుని, తన పాత బిందెల తగాదా పాట అందుకుంది. నేనూ కోపం కొద్దీ కీబోర్డుని రెండు చేతులా బాదాను. కంపెనీ మనిషి ప్లేటు కింద పెట్టేసి, తనకు కావలసింది ప్రేమ పాటలని పిన్నీసు వాళ్ల అక్కకి చెప్పి వెళ్లిపోయాడు.

ఒలే అంటే వాళ్ల భాషలో భేషని ఆ అక్కే నాకు చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుస్తూ వెళ్లి జరిగిందంతా పిన్నీసుకి చెప్పుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది. "డోంట్ క్రై. డ్రెస్ వాజ్ టూ టైట్," అంది. ఆ తర్వాత కుళాయి దగ్గరికెళ్లి చాలాసేపు మొహం కడుక్కుంది. ఆ కడుక్కోవడం నాకిప్పటికీ గుర్తే.

మరుసటి ఏడు పిన్నీసు వాళ్ల దేశం వెళ్లిపోయింది. అక్కడి నుంచి ఒక క్యాసెట్ పంపింది. వెర్రిబీలో ఆ రోజు జరిగిందంతా ఎవరో రికార్డు చేశారట. మళ్లీ పిన్నీసులు పెట్టుకుని చిన్న చిన్న బార్లలో అరుస్తున్నానని చీటీ రాసింది. పెదవి విరిచి సొరుగులో పడేశాను.

మొన్న మా అమ్మాయికి ఆ క్యాసెట్ దొరికింది. విని, "మమ్, హూ ఈజ్ దట్ యాంగ్రీ లేడీ?" అంది. "ఎవరో, సంగీతం రాని మనిషి," అన్నాను. ఈ దేశంలో నన్ను మేడమంటారు, ఆంటీ అంటారు, మమ్ అంటారు. ఒలే అనేవాళ్లు మాత్రం ఒక్కొక్కరే పోయారు. అందుకని ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ క్యాసెట్ వెనక్కి తిప్పి, మీసాలాయన గొంతు దగ్గర ఆపి వింటుంటాను. ఒక్కోసారి "ఓ" అని పలుకుతాను కూడా.